ఎస్ సైజు సైకిలే, అయినా చేతులు అందట్లేదు

ప్రశ్న: నమస్తే అండీ. మాది విశాఖపట్నం. బ్యాంకులో ఉద్యోగం, వయసు 34. ఎత్తు సరిగ్గా ఐదడుగులు, బరువు 51 కిలోలు. ఈ వేసవిలో రోడ్ బైక్ కొన్నాను. షాపతను సైకిల్ మీదుగా నిలబడమని, కింద గ్యాప్ చూసి, “రెండు వేళ్లు దూరుతున్నాయి మేడమ్, ఎస్ సైజు మీకు కరెక్ట్” అన్నాడు. ఆదివారాలు ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా వెళ్లొస్తుంటాను. రుషికొండ దాటేసరికే మెడ, భుజాలు పట్టేస్తున్నాయి. తిరిగొచ్చేటప్పుడు చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతున్నాయి. కింద డ్రాప్స్ (హ్యాండిల్ కింది వంపులు) పట్టుకుంటే బ్రేక్ అందదు. ఈమధ్య యూటర్న్ తీసుకుంటుంటే షూ ముందు చక్రానికి తగిలి పడబోయాను. మా తమ్ముడు సీటు ముందుకు జరిపాడు. చేతులు కాస్త అందాయి కానీ ఇప్పుడు మోకాలి ముందు భాగంలో నొప్పి మొదలైంది. షాపులో అడిగితే “కొత్తలో అంతే, అలవాటైపోతుంది” అంటున్నారు. పొట్టిదాన్ని కదా, అసలు రోడ్ బైక్ నాకు పడదేమో అని కూడా అనిపిస్తోంది. ఈ చలికాలం 200 కిలోమీటర్ల బ్రెవే (గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణం) చేయాలని ఆశ. ఈ సైకిల్ అమ్మేసి వేరేది కొనాలా, దీన్నే సరిచేసుకోవచ్చా? పార్టుల మీద ఉన్న నంబర్లు మిల్లీమీటర్లలో రాస్తున్నాను: స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్క్ గొట్టానికి కలిపే ముక్క) 100, హ్యాండిల్ 420, క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) 170. ఫ్రేమ్ రీచ్ (క్రాంక్ ఇరుసు నుంచి ముందు గొట్టం పైభాగం దాకా అడ్డంగా ఉండే దూరం) 378 అని కంపెనీ పట్టికలో ఉంది.
— ఓ పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: ముందు ఆ సీటును మళ్లీ వెనక్కి జరిపించండి. మిగతావన్నీ దాని తర్వాతే.

చేతులు అందకపోతే సీటు జరపడం దాదాపు అందరూ చేసే పనే. ఒక్క అలెన్ కీ ఉంటే చాలు, పైసా ఖర్చు లేదు. మీ తమ్ముణ్ణి తప్పుపట్టను. కానీ సీటు ఎక్కడ ఉండాలో తేల్చాల్సింది కాళ్లు, హ్యాండిల్ ఎక్కడ ఉండాలో తేల్చాల్సింది చేతులు. సీటు ముందుకు జరిగితే పెడల్‌కి కూడా దగ్గరవుతుంది, అంటే ఎత్తు తగ్గించినట్టే. మోకాలు ఎక్కువ మడిచి తొక్కాల్సి వస్తుంది, ఆ భారం చిప్ప మీద పడుతుంది. పైగా ఒళ్లు ముందుకు తూలి బరువంతా అరచేతుల మీదికి చేరుతుంది. హ్యాండిల్ దగ్గరైనా తిమ్మిరి తగ్గకపోవడానికి కారణం అదే.

షాపువాళ్ల “అలవాటైపోతుంది” సగమే నిజం. సీటు మీద కూర్చునే చోట నొప్పి, తొడల బిగుతు కొన్ని వారాల్లో తగ్గుతాయి. వేళ్ల తిమ్మిరి అలా కాదు. చిటికెన వేలికీ ఉంగరం వేలికీ వెళ్లే అల్నార్ నరం అరచేతి మొదట్లో, చిటికెన వేలి వైపు నుంచి పోతుంది. మీరు చేతులు పూర్తిగా చాచి, మోచేతులు బిగబట్టి, ఆ చోటునే హ్యాండిల్‌కి నొక్కి పెడుతున్నారు. సైకిల్ దిగిన కాసేపటికి పోతోందంటే సైకిల్ సరిచేసుకుంటే సరిపోతుంది. మర్నాటికి కూడా ఉంటే, లేదా చేతిలో పట్టు తగ్గినట్టు అనిపిస్తే, సైకిల్ పక్కన పెట్టి డాక్టర్‌కి చూపించుకోండి.

ఇక పొట్టి సంగతి. మన దేశంలో ఆడవాళ్ల సగటు ఎత్తు 152 సెంటీమీటర్ల చుట్టూ ఉంటుంది. అంటే ఐదడుగులే. మీరు అచ్చం సగటు. తేడా సైకిల్ వైపు ఉంది. ఆరడుగుల మనిషి బైకుకైనా మీ బైకుకైనా చక్రం ఒకటే, 700సి. రిమ్ 622 మిల్లీమీటర్లు, టైరు కూడా కలిపితే దాదాపు 68 సెంటీమీటర్లు. ఫ్రేమ్ ఎంత చిన్నది చేసినా చక్రం చిన్నదవదు. పాదానికి చక్రం తగలకూడదంటే దాన్ని ముందుకు తోయాలి, అప్పుడు ఫ్రేమ్ పొడవు ఒక హద్దు దాటి తగ్గదు. అందుకే చిన్న సైజులన్నీ ఏదో ఒకచోట రాజీపడ్డవే. అమెరికాలో జార్జీనా టెర్రీ అనే మెకానికల్ ఇంజినీరు దీన్ని తిరగేసి ఆలోచించి, వెనక 700సి చక్రం, ముందు 24 అంగుళాల చిన్న చక్రం పెట్టి ఆడవాళ్ల కోసం సైకిళ్లు చేసింది. 1985లో కంపెనీయే పెట్టింది. చూడ్డానికి వింతగా ఉండేవి కానీ కొలతలు మాత్రం మనిషికి తగ్గట్టు ఉండేవి. ఆ దారిలో నడిచిన కంపెనీలు తక్కువ. మీరు మాత్రం అలాంటిది కొనాలని చూడకండి, టైరు చిరిగితే మన ఊళ్లో ఆ సైజు వెతుక్కోలేక చస్తాం.

షాపతను పెట్టిన పరీక్ష కూడా ఇక్కడ పనికిరాదు. ఇప్పటి ఫ్రేముల్లో పై గొట్టం వెనక్కి వాలి ఉంటుంది, ఐదడుగుల మనిషి మీడియం సైజు మీదుగా కూడా కొన్నిసార్లు హాయిగా నిలబడగలదు. దాంతో తేలేది కాళ్ల కింద ఖాళీ ఒక్కటే. చేతులకు ఎంత దూరమో తెలియదు. ప్యాంటు పొడవు చూసి చొక్కా కొన్నట్టు అన్నమాట.

సరే, పనిలోకి వద్దాం. గోడకు ఆనుకుని చెప్పుల్లేకుండా నిలబడి, కాళ్ల మధ్య ఒక లావు పుస్తకం పెట్టి, సీటు ఒత్తుకున్నంత గట్టిగా పైకి నొక్కి, పుస్తకం పై అంచు నుంచి నేలకు కొలవండి. మీకు 70 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. దాన్ని 0.883తో గుణిస్తే 61.8. క్రాంక్ తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఆ దూరం ఉండాలి. టూర్ డి ఫ్రాన్స్ మూడుసార్లు గెలిచిన గ్రెగ్ లెమాండ్ పేరు మీద ప్రచారమైన లెక్క ఇది. దీన్ని మొదలుపెట్టడానికే వాడండి, అక్కడితో ఆగిపోకండి. మడమను పెడల్ మీద పెట్టి కిందికి తిప్పినప్పుడు కాలు సరిగ్గా నిటారుగా రావాలి. అప్పుడు మామూలుగా పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా మడిచి ఉంటుంది. వెనక నుంచి ఎవరినైనా చూడమనండి. తొక్కుతున్నప్పుడు నడుము అటూ ఇటూ ఊగుతుంటే సీటు ఎక్కువైందని, మూడు నాలుగు మిల్లీమీటర్లు దించండి.

సీటు ముందుకా వెనక్కా అన్నదానికి ఒక తేలిక పరీక్ష ఉంది. ట్రైనర్ (సైకిల్‌ను ఒకేచోట నిలిపి తొక్కే స్టాండు) ఉన్న స్నేహితులెవరైనా ఉంటే దాని మీద, లేదంటే ఖాళీగా ఉన్న సమతలం రోడ్డు మీద, హుడ్స్ (బ్రేక్ లివర్ల మీది రబ్బరు పట్టులు) పట్టుకుని ఓ మాదిరి బలంతో తొక్కుతూ అరచేతులు కేవలం ఆని ఉండేంత వదులు చేయండి. నడుము నిలబడితే సీటు సరిగానే ఉంది. చేతులు వదులు చేయగానే ముందుకు తూలిపడుతున్నట్టుంటే వెనక్కి జరపాలి. పనిలో పనిగా ఫోన్‌లో లెవెల్ చూసే యాప్‌తో సీటు వాలు కూడా చూడండి. నొప్పి అని ముక్కు బాగా కిందికి వంచేస్తారు చాలామంది, అప్పుడు ఒళ్లు జారి బరువు మళ్లీ చేతుల మీదికే వస్తుంది. సమంగా, మహా అయితే ఒకటి రెండు డిగ్రీలు కిందికి, అంతే. మెత్తటి జెల్ కవర్లు కొనకండి. అరగంటకు బాగుంటాయి, రెండు గంటలకు ఒరిపిడి మొదలవుతుంది.

ఇప్పుడు హ్యాండిల్. ఖర్చు లేని పని ఇవాళే చేయించుకోవచ్చు. చాలా బ్రేక్ లివర్ల దగ్గర ఒక చిన్న స్క్రూ ఉంటుంది. కొన్నింటిలో పైన ముఖం మీద, కొన్నింటిలో హుడ్ రబ్బరు మడిస్తే లోపల. దాన్ని తిప్పితే లివర్ హ్యాండిల్‌కి దగ్గరగా వస్తుంది. చూపుడు వేలు, మధ్య వేలు మొదటి కణుపు దాటి లివర్ మీద పడేలా పెట్టుకోండి. భీమిలి వైపు పల్లాల్లో డ్రాప్స్ పట్టుకుని బ్రేక్ అందని మనిషి ఇన్నాళ్లు ఎలా నెట్టుకొచ్చిందా అని నాకు టెన్షన్‌గా ఉంది. ఒక జాగ్రత్త, లివర్ దగ్గరికి తెచ్చాక బ్రేక్ ముందుగానే పట్టాలి. లివర్ వెళ్లి హ్యాండిల్‌కి తగిలేదాకా బ్రేక్ పడకపోతే కేబుల్ బిగించాలి.

తర్వాత స్టెమ్. మీది 100. ఎక్కువ స్టెమ్‌లు 6 డిగ్రీలో 7 డిగ్రీలో వంపుతో వస్తాయి, షాపుల్లో కిందికి వంచే బిగిస్తారు, చూడ్డానికి రేసు బైకులా ఉంటుందని. దాని బదులు 70 మిల్లీమీటర్ల స్టెమ్ తీసుకుని పైకి వంచి బిగిస్తే చేతులకు మూడు సెంటీమీటర్లకు పైగా దూరం తగ్గుతుంది, హ్యాండిల్ ఇంకో 8 మిల్లీమీటర్ల దాకా లేస్తుంది. కింద స్పేసర్లు (ఫోర్క్ గొట్టానికి తొడిగే ఉంగరాలు) పెంచితే ప్రతి సెంటీమీటరు ఎత్తుకు 3 మిల్లీమీటర్ల దూరం కూడా తగ్గుతుంది, ఫోర్క్ గొట్టం వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి. అయితే గొట్టం పొడవు ఎంతుందో అంతవరకే పెంచగలం. కాబట్టి మెకానిక్ “ఎక్స్‌ట్రా ఉంది, నీట్‌గా కోసేద్దాం” అంటే ససేమిరా ఒప్పుకోకండి. కోసింది అతుక్కోదు.

మామూలు అల్యూమినియం స్టెమ్ అయితే వెయ్యి, పదిహేను వందల్లో పనైపోతుంది. ఇది ఇంట్లో కూడా మార్చుకోవచ్చు కానీ మొదటిసారి తెలిసినవాళ్ల పక్కన కూర్చుని చేయండి. పైనున్న మూత బోల్టు ముందు బిగించాలి, పక్క బోల్టులు తర్వాత. అది తిరగబడితే ఫోర్క్ బేరింగ్ వదులుగా ఉండిపోతుంది. ముందు బ్రేక్ పట్టుకుని సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపితే టకటక శబ్దం వస్తుంది, అదే గుర్తు. బోల్టులు ఎంత బిగించాలో స్టెమ్ మీదే రాసి ఉంటుంది, ఎక్కువగా 5 న్యూటన్ మీటర్లని. చిన్న స్టెమ్‌తో మొదటి రోజు హ్యాండిల్ కాస్త తొందరగా తిరుగుతున్నట్టు ఉంటుంది. అదిగో, ఆ విషయంలో మాత్రం అలవాటైపోతుంది.

హ్యాండిల్ బార్ కూడా మార్చమంటాను. 420 అంటే 42 సెంటీమీటర్ల వెడల్పు, అది వెడల్పాటి భుజాల మగవాళ్ల కొలత. మీ భుజం పైన రెండువైపులా తగిలే ఎముకల మధ్య దూరం టేపుతో కొలిపించండి. అది 35, 36 దగ్గర వస్తే 36 లేదా 38 బార్ చాలు. చేతులు పక్కలకు చాచడం తగ్గితే ముందుకు అందే దూరం దానంతటదే కాస్త కలిసొస్తుంది, మెడకు సుఖం. కొనేటప్పుడు రెండు సంగతులు అడగండి. వెడల్పు గొట్టం మధ్య నుంచి మధ్యకా, బయటి అంచులకా అన్నది కంపెనీని బట్టి మారుతుంది. రెండోది బార్ రీచ్, అంటే అది ముందుకు ఎంత సాగుతుందో. పాత తరహావి 85, 90 మిల్లీమీటర్లు కూడా ఉంటాయి, మీకు 70 చుట్టూ ఉండేది కావాలి. టేపు విప్పి కేబుళ్లు సర్ది మళ్లీ చుట్టాలి కాబట్టి కూలీ ఎక్కువే అవుతుంది. కొత్త టేపు ఎలాగూ వేస్తారు, ఒకటిన్నర రెట్లు మందంగా ఉన్నది అడిగి వేయించుకోండి. లివర్లు బిగించేటప్పుడు హుడ్స్ కిందికి వాలకుండా, మణికట్టు వంగని విధంగా కొంచెం పైకి పెట్టమనండి.

క్రాంక్ దగ్గర ఎవరూ ఆగరు, నాకు మాత్రం అన్నిటికన్నా దాని మీదే అనుమానం. ఐదడుగుల తొమ్మిది అంగుళాల మనిషి బైకులోనూ 170 క్రాంకే, మీ బైకులోనూ 170. మీ కాలికి 155, 160 న్యాయం. మరీ దొరక్కపోతే 165. పది మిల్లీమీటర్లలో ఏముందిలే అనుకోవద్దు. క్రాంక్ పది మిల్లీమీటర్లు తగ్గితే సీటు పది పెంచుతాం, పెడల్ పైకి వచ్చినప్పుడు పది తక్కువ ఎత్తుకు వస్తుంది, మొత్తం మీద మోకాలికి ఇరవై మిల్లీమీటర్ల వెసులుబాటు. ముందుకు వంగినప్పుడు తొడ పొట్టకు ఒత్తుకోవడం, మోకాలు పక్కకు పోవడం తగ్గుతాయి. బలం తగ్గుతుందనే భయం అక్కర్లేదు. 2001లో జిమ్ మార్టిన్ బృందం 120 నుంచి 220 మిల్లీమీటర్ల దాకా క్రాంకులు మార్చి సైక్లిస్టుల గరిష్ఠ శక్తిని కొలిస్తే, ఈ కొసకూ ఆ కొసకూ కూడా తేడా 4 శాతమే వచ్చింది. 145కీ 170కీ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. టూర్ డి ఫ్రాన్స్ విజేత తదేయ్ పొగాచార్ 2024లో 165కి మారాడు, అతని ఎత్తు 176 సెంటీమీటర్లు. షిమానో 105 వరసలో 160 మిల్లీమీటర్లది కంపెనీయే చేస్తోంది, మీ ఫ్రేమ్ ఇరుసుకు, గేర్ల సంఖ్యకు సరిపోతుందో లేదో మెకానిక్‌ని అడిగాకే ఆర్డర్ పెట్టండి. ఖర్చు వేలల్లో ఉంటుంది కనక ముందు స్టెమ్, బార్ మార్చి కొన్నాళ్లు తొక్కి చూసి, మోకాలు ఇంకా తేడా చేస్తుంటే దీనికి దిగండి. అప్పుడు సీటు పెరుగుతుంది కాబట్టి హ్యాండిల్ కింద ఇంకో స్పేసర్ కావాల్సి వస్తుంది. ఫోర్క్ గొట్టం కోయొద్దన్నది అందుకు కూడా.

షూ చక్రానికి తగలడం పూర్తిగా పోదు, చిన్న ఫ్రేముల్లో అది ఉండేదే. వేగంలో ఉన్నప్పుడు హ్యాండిల్ అంత తిప్పం కాబట్టి ప్రమాదం లేదు. నెమ్మదిగా తిరిగేటప్పుడే చిక్కు. మన రోడ్ల మీద యూటర్న్ అంటే కుడివైపుకు. హ్యాండిల్ కుడికి తిప్పితే చక్రం వెనక అంచు ఎడమకు వస్తుంది, తగిలేది ఎడమ కాలే. అందుకని మలుపులోకి వెళ్లేముందే తొక్కడం ఆపి ఎడమ పెడల్ వెనక్కి ఉండేలా చూసుకోండి. క్లీట్ షూ (పెడల్‌కి పట్టుకునే బిళ్ల ఉన్నవి) వాడుతుంటే క్లీట్‌ను వేళ్ల వైపు జరిపించండి, పాదం ఆ మేరకు వెనక్కి వస్తుంది. చిన్న క్రాంక్ కూడా సాయం చేస్తుంది. మడ్‌గార్డు వేయించాలనుకుంటే మాత్రం ముందు ఈ గ్యాప్ చూసుకోండి.

గాలి సంగతి చెప్పడం మరిచేవాణ్ణి. మీ బరువుకు షాపులో కొట్టే 100 పీఎస్ఐ ఎందుకూ? టైరు పక్కన రాసేది గరిష్ఠం, అంత కొట్టమని కాదు. 28 మిల్లీమీటర్ల వెడల్పు టైరైతే 60 పీఎస్ఐ చుట్టూ, 25 అయితే 75 చుట్టూ పెట్టి చూడండి. అరచేతుల్లోకి వచ్చే అదురు సగానికి సగం తగ్గినట్టు ఉంటుంది.

మరి అమ్మేయాలా? ఇప్పుడే వద్దు. ఫ్రేమ్ రీచ్ 378 మీకు ఎక్కువే, 360 నుంచి 370 లోపు ఉండాల్సింది. కానీ స్టెమ్, బార్ కలిపితే ఐదు సెంటీమీటర్ల దాకా దగ్గరికి తేవచ్చు, చాలామందికి అది సరిపోతుంది. హుడ్స్ పట్టుకున్నప్పుడు మోచేతులు కాస్త మడిచి ఉండి, భుజాలు చెవుల దగ్గరికి లేవకుండా ఉంటే బండి మీదే. 60 స్టెమ్ పెట్టాక కూడా చేతులు కర్రల్లా బిగుసుకునే ఉంటే అక్కడితో వదిలేయండి. 40, 35 స్టెమ్‌లతో సాగదీస్తే స్టీరింగ్ పాడవుతుంది తప్ప ఫ్రేమ్ చిన్నదవదు.

అప్పుడు ఇంకోటి కొంటే ఎస్, ఎక్స్ఎస్ అక్షరాలు నమ్మకండి, ఒక కంపెనీ ఎక్స్ఎస్ ఇంకో కంపెనీ ఎస్ కన్నా పొడవుంటుంది. టాప్ ట్యూబ్ (పై గొట్టం) అంకె కూడా మోసం చేస్తుంది. చిన్న సైజుల్లో సీటు గొట్టాన్ని నిటారుగా, 75 డిగ్రీల దాకా నిలబెడతారు. మీ సీటు ఎత్తులో ఒక్కో డిగ్రీకి సీటు దాదాపు సెంటీమీటరు ముందుకొస్తుంది, కాగితం మీద టాప్ ట్యూబ్ అంత చిన్నదైనట్టు కనబడుతుంది. మీ కాళ్లకు కావాల్సిన చోటికి సీటును వెనక్కి జరపగానే ఆ లాభం కాస్తా పోతుంది. అందుకే పట్టికలో రీచ్, స్టాక్ (ఇరుసు నుంచి ముందు గొట్టం పైభాగం దాకా ఎత్తు) అనే రెండు వరసలే చూడండి. ఈ రెండూ సీటుతో సంబంధం లేని కొలతలు. “లేడీస్ మోడల్” అన్న ముద్ర కోసం ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. కొన్నింట్లో నిజంగానే చిన్న బార్, చిన్న క్రాంక్ ఇస్తారు, కొన్నింట్లో రంగు మారుతుంది.

బ్రెవేకి 200 కిలోమీటర్లు, 13 గంటల 30 నిమిషాలు. మీ భీమిలి రానూపోనూకి దాదాపు నాలుగింతలు. రుషికొండ దగ్గర మెడ పట్టేసే సైకిల్‌తో పేరు ఇవ్వకండి. ఒకసారికి ఒకటే మార్చండి, మార్చిన ప్రతిసారీ అదే దారిలో తొక్కండి, ఎక్కడ నొప్పి మొదలైందో ఫోన్‌లో రాసుకోండి. సీటు ఎత్తు కుదిరాక సీట్ పోస్ట్ చుట్టూ ఎలక్ట్రికల్ టేపు ముక్క చుట్టండి. సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు దించేస్తూ ఉంటారు. భీమిలి వెళ్లొచ్చాక చేతులు మామూలుగా ఉన్నాయంటే అప్పుడు 80, 100 కిలోమీటర్లకు పెంచుకుంటూ పోండి.

పాత స్టెమ్, బార్ షాపులో వదిలేసి రాకండి, ఇంటికి తెచ్చుకోండి. రేపు ఎప్పుడైనా ఈ సైకిల్ అమ్మాల్సి వస్తే కొనేవాళ్లకు అవే కావాల్సి ఉండొచ్చు.